కారెంపూడి మనిషి

యల్లమందయ్యకు గుంటూరు ఆసుపత్రిలో కడుపు కోసి కుట్టి నలభై రోజులైంది. ప్రాణం దక్కింది. అన్నం దిగుతోంది. కానీ పంచె కట్టుకోవడం మాత్రం కుదరడం లేదు. రొమ్ము కింద మొదలై బొడ్డు పక్కగా దిగిన కోత పైనంతా మానినా, కింది కొస ఇంకా పచ్చిగానే ఉంది. ఎంత వదులుగా కట్టినా పంచె ముడి వెళ్ళి సరిగ్గా అక్కడే ఒరుసుకునేది. నాలుగడుగులు వేసేసరికి కళ్ళ వెంట నీళ్ళు తిరిగేవి.

ఆయన మాచవరం రైతు. యాభై ఏళ్ళ మనిషి. ముప్ఫై ఎకరాల మెట్ట, ఆయిలింజను పెట్టిన బావి, ఊళ్ళో తగాదా వస్తే నలుగురూ ఆగి వినే గొంతు. ఎనిమిదేళ్ళ పాటు కడుపులో పుండును సోడా ఉప్పుతోనూ మజ్జిగతోనూ అణచిపెట్టుకుంటూ వచ్చి, ఆ ఏడు మాఘమాసంలో మిరపచేలోనే నల్లగా రక్తం కక్కుకుని పడిపోయాడు. గుంటూరు డాక్టరు పుండున్న మేర కోసేసి, పేగు తెచ్చి మిగిలిన పొట్టకు అతికించాడు. పంపించేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పాడు. రెండు నెలలు ఎద్దుబండి ఎక్కడానికి వీల్లేదు, కుదుపు తగిలితే కుట్లు లోపల విడిపోతాయి అని. పిడుగురాళ్ళ నుంచి మాచవరానికి ఉన్నది బండిదారే, అదీ రాళ్ళదారి. అందుకని కొడుకు ఆయన్ని రైల్లో నరసరావుపేట తెచ్చి, దావూద్ మేస్త్రీ ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకుని పెట్టాడు.

దావూద్ మేస్త్రీ పోయి మూడేళ్ళయింది. బతికున్నన్నాళ్ళూ ఏటా మాచవరం వచ్చి యల్లమందయ్య ఇంజను విప్పి, తుడిచి, బిగించి వెళ్ళేవాడు. ఇప్పుడు ఆయన భార్య కరీమున్నీసా కూతురు అబిదాతో వెనక భాగంలో ఉంటోంది. రెండు భాగాలకూ మధ్య ఒక తలుపు, ఆ తలుపుకు గళ్ళ పరదా. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి పరదా అవతల నిలబడి, "ఎట్టుందన్నా?" అని అడిగేది ఆమె. "ఫరవాలేదు చెల్లెమ్మా," అనేవాడు ఆయన. పూటకూళ్ళ రామాయమ్మ రెండు పూటలా మెత్తటి అన్నం, చారు, మజ్జిగ తెచ్చి, "తిని గిన్నెలు గడప దగ్గర పెట్టండి," అని వెళ్ళిపోయేది. కొడుకు నాగేశ్వరరావు పదిహేను రోజులకోసారి బొగ్గుతో నడిచే బస్సులో వచ్చి, చేను సంగతి, ఊళ్ళో పార్టీల సంగతి గబగబా చెప్పి, అదే బస్సుకు తిరిగి వెళ్ళేవాడు. మిగతా పొద్దంతా ఆయన ఒక్కడే. ఆసుపత్రిలో కనీసం పక్క మంచం మనిషి మూలుగన్నా వినపడేది. ఇక్కడ మధ్యాహ్నమైతే వీధిలో కుక్క కూడా తిరగదు. గోడ మీద బల్లిని చూస్తూ చూస్తూ ఆయనకు దాని రాకపోకలన్నీ తెలిసిపోయాయి.

యుద్ధం అయిపోయి ఏడాది కావస్తున్నా గుడ్డ ఇంకా రేషను కార్డు మీదే ఇస్తున్నారు. పక్కమీదికి కొత్త దుప్పటి దొరక్క, కోడలు పుల్లమ్మ చనిపోయిన అత్తగారి పాత చీరలు రెండు మూటగట్టి పంపింది. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన నేత చీరలు. ఒకటి ఆకుపచ్చది, ఒకటి వంకాయరంగుది. ఆ వేళ పంచె ఒరుసుకుని రక్తపు చుక్క కనపడేసరికి యల్లమందయ్య విసిగిపోయి పంచె తీసి అవతల పారేశాడు. పక్కమీదున్న ఆకుపచ్చ చీర లాగి, ఊరికే ఒంటికి చుట్టుకుందామనుకున్నాడు. చుట్టుకుందామనే అనుకున్నాడు. కానీ చెంగు ఎడమ చేతిలోకి తీసుకోగానే కుడిచేతి వేళ్ళు వాటంతటవే కుచ్చిళ్ళు పోయడం మొదలుపెట్టాయి. ఒకటి, రెండు, మూడు. ఆయన ఆగి, తన వేళ్ళకేసి చూసుకున్నాడు. ఇరవై మూడేళ్ళు. అవి మర్చిపోలేదు.

పద్నాలుగో ఏట మొదలైంది అది. అక్క పెళ్ళయి వెళ్ళిపోతే ఇంట్లో ఆమె పరికిణీ, ఓణీ మిగిలాయి. తల్లీతండ్రీ చేలోకి పోయిన పూట ధాన్యపు కొట్టులో గడియ వేసుకుని కట్టుకున్నాడు. ఎందుకు కట్టుకోవాలనిపించిందో ఆయనకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. వేషం కట్టి నలుగురి ముందు ఆడాలన్న సరదా లేదు. ఎవరైనా చూడాలనీ లేదు. కట్టుకుని, గోడకు ఆనుకుని, పావుగంట కూర్చునేవాడు. ఒంట్లో ఎప్పుడూ ఉండే ఏదో పెనుగులాట ఆ పావుగంటా ఆగిపోయేది. అంతే. తర్వాత విప్పి, మడతలు ఎట్లా ఉన్నవి అట్లాగే పెట్టి, బయటికి వచ్చి ఎడ్లకు గడ్డి వేసేవాడు.

పెళ్ళయినా పోలేదు. నాగేశ్వరరావు మూడు నెలల బిడ్డగా ఉన్నప్పుడు భార్య శేషారత్నం చూసింది. ఆమె కేక పెట్టలేదు, ఏడవలేదు. బిడ్డను తెచ్చి ఇద్దరి మధ్యా నేలమీద పడుకోబెట్టింది. "వీడి తలమీద చెయ్యేసి చెప్పు. ఇంకెప్పుడూ కట్టనని చెప్పు," అంది. ఆయన చెయ్యేశాడు. చీర కొంగు ఇంకా భుజం మీద ఉండగానే ఒట్టు వేశాడు. ఆ తర్వాత పదిహేడేళ్ళ కాపురంలో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు ఇద్దరూ. శేషారత్నం పోయి ఆరేళ్ళయింది కానీ ఒట్టు పోలేదు. ఇల్లంతా తనొక్కడిదే అయిన రోజుల్లో కూడా ఆయన ఆమె పెట్టె మూత తీయలేదు.

ఇప్పుడు కుచ్చిళ్ళు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. పంచె ముడి ఒరుసుకోకుండా ఉండటానికే కదా, అనుకున్నాడు. అది అబద్ధమని ఆయనకు తెలుసు. కుచ్చిళ్ళను కోత తగలకుండా పక్కకు దోపి, పైట వేసుకుని, మంచం పట్టె మీద కూర్చున్నాడు. కోత పెట్టిన దగ్గర్నుంచి తన ఒళ్ళు తనకు పరాయి మనిషి సామానులా ఉండేది. డాక్టరు చూసేది, కాంపౌండరు కట్టు కట్టేది, కొడుకు ఎత్తి దించేది. ఆ మధ్యాహ్నం మొదటిసారి అది మళ్ళీ తన దగ్గరికి వచ్చినట్టయింది. కళ్ళు మూసుకుని చెంగు అంచును వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చున్నాడు.

మర్నాడు కట్టుకోలేదు. ఆ మర్నాడు కట్టుకున్నాడు. వారం తిరిగేసరికి రామాయమ్మ గిన్నెలు తీసుకుపోయాక వీధి తలుపు గడియ వేసి, మాపటి వేళ దాకా చీరలోనే ఉండటం అలవాటైంది. వంకాయరంగు చీర మడతలో శేషారత్నం రవిక ఒకటి చిక్కుకుని వచ్చింది, ముందు ముడివేసే పాతకాలపు రవిక. జబ్బుకు ముందైతే అది ఆయన మోచేతి దాకా కూడా ఎక్కేది కాదు. ఇప్పుడు భుజాలు ఎండి, జబ్బలు సన్నబడి, చర్మం వేలాడుతోంది. రవిక సరిపోయింది. ముక్కులోంచి గొట్టం వేయడానికి అడ్డమని ఆసుపత్రిలో మీసం తీసేశారు. గడ్డం గీసుకునే చిన్న అద్దం గూట్లోంచి తీసి చూసుకున్నాడు. అక్క గుర్తుకు రాలేదు, శేషారత్నం గుర్తుకు రాలేదు. ఎవరో పెద్దామె, జబ్బుపడి లేచిన మనిషి, బెరుగ్గా ఆయన్నే చూస్తోంది. "ఎట్టుంది ఒంట్లో?" అని అడిగాడు ఆమెను మెల్లగా. అడిగి, తన గొంతు తనకే వినపడి సిగ్గుపడి, అద్దం బోర్లించాడు.

ఒట్టు గుర్తొచ్చినప్పుడల్లా కొడుక్కు ఏమన్నా అవుతుందేమోనని భయం వేసేది. బస్సు బోల్తా పడినట్టు, చేలో పాము కరిచినట్టు ఊహలు వచ్చేవి. అలాంటి రోజు చీర తీసి పక్కమీద పరిచేసేవాడు. కానీ పదిహేనో రోజున నాగేశ్వరరావు ఎప్పట్లాగే చెమటలు కక్కుతూ, బస్సును తిట్టుకుంటూ నిక్షేపంలా దిగాడు. దుప్పటిగా పరిచిన చీర మీద కూర్చుని అరటిపండ్లు తీసిచ్చి, "తేరుకున్నావు నాయనా. మొహంలో కళొచ్చింది," అన్నాడు. యల్లమందయ్య, "ఆకలేస్తంది ఈ మధ్య," అన్నాడు.

ఆకలే ముంచింది. వైశాఖంలో ఒక మధ్యాహ్నం చీర కట్టుకుని, డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా కాకుండా, గిన్నెలో అన్నమంతా ఒక్కసారిగా తినేశాడు. లేవబోతుంటే ఒళ్ళంతా చెమట పట్టి, కళ్ళు చీకట్లు కమ్మి, చెంబు మీద పడ్డాడు. చెంబు గదంతా దొర్లి మోగింది.

పరదా అవతల నుంచి కరీమున్నీసా రెండుసార్లు పిలిచింది. జవాబు రాకపోయేసరికి పరదా తొలగించి లోపలికి వచ్చింది.

కళ్ళు తెరిచేసరికి ఆమె మోకాళ్ళ మీద కూర్చుని విసనకర్రతో విసురుతోంది. యల్లమందయ్య మొదట తన ఒంటికేసి చూసుకున్నాడు. వంకాయరంగు చీర. ముడి రవిక. పైట జారిపోయి ఉంది. ఆమె కళ్ళు తిప్పుకుంది. విసనకర్ర కింద పెట్టి, పైట చెంగు తీసి ఆయన ఎదమీద, కోతమీద కప్పింది.

"నీళ్ళు తాగుతావా అన్నా? మా ఇంటి నీళ్ళు..." అని ఆగింది.

ఆయన తల ఊపాడు. ఆమె లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఆయన తాగాడు. సగం నీళ్ళు చీర మీదే పోయాయి.

"చెమట ఆరిందాకా లేవమాక," అని చెప్పి కరీమున్నీసా వెళ్ళిపోయింది. పరదా వెనక ఆమె అబిదాతో, "ఏం లేదు, కళ్ళు తిరిగినాయంట," అనడం వినిపించింది.

రెండు రోజులు ఆమె పరదా దగ్గరికి రాలేదు. యల్లమందయ్య చీరలు రెండూ మడిచి తలగడ కింద దూర్చి, కోత మండుతున్నా పంచె కట్టుకుని కూర్చున్నాడు. ఏ నిమిషాన ఎవరు వచ్చి సామాను బయటపెడతారోనని వీధి వైపే చెవి పెట్టాడు. మూడో రోజు పొద్దున పరదా కదిలింది.

"ఎట్టుందన్నా?"

"ఫరవాలేదు చెల్లెమ్మా."

ఇంకేమీ అడగలేదు ఆమె. ఆయనా చెప్పలేదు. చెబుదామంటే ఆ సంగతికి ఆయన దగ్గర మాటలు లేవు. ఎన్నడూ ఎవరికీ చెప్పి ఎరగడు.

ఎదురింటి మేడ కోర్టు గుమాస్తా సాంబశివరావుది. ఎండాకాలం కదా, ఆయన భార్య వడియాలు ఆరబెట్టడానికి రోజూ మేడమీదికి ఎక్కేది. యల్లమందయ్య వీధి తలుపు మూసేవాడు కానీ, గాలి ఆడదని పై కిటికీ తెరిచే ఉంచేవాడు. ఆ కిటికీలోంచి ఆమెకు చాలా రోజులుగా లోపల ఒక ఆడమనిషి వీపు, చీర చెంగు కనపడుతున్నాయి. చెంబు మోగిన రోజున కరీమున్నీసా ఆ గదిలోకి రావడమూ, వంగి కూర్చోవడమూ కూడా చూసింది. రెండూ కలుపుకుంది. రాత్రికి మొగుడికి చెప్పింది. సాంబశివరావు కోర్టు పనుల్లో నాగేశ్వరరావును ఎరిగినవాడు. మర్నాడు మాచవరానికి ఒక కార్డు రాసి పడేసి, పనిలో పనిగా సైకిల్ షాపు జాన్ సాహెబ్ చెవినా వేశాడు. జాన్ సాహెబ్ దావూద్ తమ్ముడు. అబిదాకు మాచర్లలో సంబంధం చూస్తున్నది ఆయనే.

ఆదివారం పొద్దున ముగ్గురూ ఒక్కసారే వచ్చారు. సాంబశివరావు అరుగుమీద కుర్చీ వేసుకున్నాడు. నాగేశ్వరరావు తండ్రికేసి చూడకుండా గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. జాన్ సాహెబ్ మాత్రం తిన్నగా గదిలోకి వచ్చి, తలగడ కింద నుంచి వేలాడుతున్న ఆకుపచ్చ చెంగు పట్టుకుని లాగాడు. చీర మొత్తం చేతిలోకి వచ్చింది. దానితో పాటు రవిక.

"ఇదేంది పెద్దాయనా? ఎవరిదిది?" అన్నాడు. తర్వాత పరదా వైపు తిరిగి గొంతు పెంచాడు. "వదినా, బయటికి రా. మా అన్న పోయి మూడేళ్ళేగా అయింది. పిల్ల పెళ్ళి పెట్టుకుని ఇదా నువ్వు చేసేది?"

పరదా వెనక అబిదా ఏడుపు వినిపించింది. కరీమున్నీసా బయటికి రాలేదు. "నేనేం చేయలేదు జాన్. ఖురాన్ మీద ప్రమాణం చేస్తా," అంది.

"మరి మా ఇంట్లో వాళ్ళు చూసింది అబద్ధమా అమ్మా?" అన్నాడు సాంబశివరావు, కోర్టులో అడిగినట్టుగా. "రోజూ మధ్యాహ్నం ఆడమనిషి కనపడతంది ఈ గదిలో. నిన్న గాక మొన్న నువ్వు లోపల ఉండగా కూడా చూశారు."

యల్లమందయ్య మంచం మీద నుంచి లేచాడు. ఒక చేత్తో కోత అదిమిపట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. ఊళ్ళో తగాదాలు తీర్చేటప్పుడు ఆయన గొంతు ఎంత నిబ్బరంగా ఉండేదో ఇప్పుడూ అంత నిబ్బరంగానే ఉండాలని చూశాడు. ఉండలేదు.

"ఆమె జోలికి పోమాకండి. ఆమెకేం తెలవదు. ఆ చీర మా ఇంటిదే. కట్టుకుంది నేనే."

వీధిలో ఉప్పు బండి ఒకటి వెళ్ళింది, ఎడ్ల మెడలో గంటలు మోగాయి.

"నువ్వు కట్టుకున్నావా?" అన్నాడు జాన్ సాహెబ్.

"నేనే. కిటికీలో కనపడింది నేనే."

సాంబశివరావు ముందు నవ్వాడు. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక, కండువా నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వాడు. "అయ్యా, నేను ముప్ఫై ఏళ్ళుగా కోర్టులో ఉన్నా. చానా సాకులు విన్నా. ఇట్టాంటిది వినలా."

నాగేశ్వరరావు మొహం కందగడ్డ అయింది. "నాయనా, చెప్పేదన్నా అతికేట్టు చెప్పు. ఊళ్ళో నిన్ను చూసి మేం తలెత్తుకు తిరిగేది. ఆడదాన్ని దాచటానికి ఇంత మాట అంటావా?"

యల్లమందయ్య కొడుకు మొహంలోకి చూశాడు. అందులో అనుమానం కూడా లేదు. తను చెప్పింది నిజమేమోనన్న ఆలోచన ఆ ముగ్గురిలో ఎవరి దరిదాపులకూ రాలేదు. బతుకంతా ఏ మాట బయటపడితే చచ్చిపోతాననుకున్నాడో ఆ మాట పట్టపగలు నలుగురి ముందు చెప్పాడు. అది ఎవరికీ తగల్లేదు. పరదా వైపు చూశాడు. ఆ ఇంట్లో నిజం తెలిసిన మనిషి ఆ గళ్ళ గుడ్డ వెనకే నిలబడి ఉంది. పరదా కింద ఆమె పాదాలు కనపడుతున్నాయి. కదల్లేదు అవి.

"వదినా, సామాను సర్దుకో. పిల్లను నేను తీసుకుపోతా," అన్నాడు జాన్ సాహెబ్.

అప్పుడు యల్లమందయ్య గుమ్మం పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చున్నాడు. "ఆగయ్యా," అన్నాడు. "చెప్తా. కారెంపూడి మనిషి ఒకామె ఉంది."

"అదీ, అట్టా చెప్పండి," అన్నాడు సాంబశివరావు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఎవురామె?" అన్నాడు నాగేశ్వరరావు.

"నీకు తెలవదు. మీ అమ్మ పోయినాక... నాలుగేళ్ళయింది. మొగుడు వదిలేశాడు. నేను జబ్బుపడ్డానని చూడటానికి వచ్చింది. మధ్యాహ్నం వచ్చి మాపటికి పోయేది. ఈ చెల్లెమ్మకు తెలవకుండా వీధి తలుపున వచ్చేది. ఆ రోజు నాకు కళ్ళు తిరిగితే ఆమే కేకేసింది, ఈ తల్లి వచ్చి నీళ్ళు పోసింది. అంతే."

"పేరేంది?"

"పిచ్చమ్మ," అన్నాడు. నోటికి వచ్చిన పేరు.

ఆ ముగ్గురి మొహాలూ తేరుకోవడం ఆయన చూశాడు. జాన్ సాహెబ్ చీరను మంచం మీద పడేసి, చెమట తుడుచుకుని, "తప్పయింది వదినా," అన్నాడు పరదా వైపు. సాంబశివరావు, "మగవాడు, ఒంటరివాడు. ఏదో అయిపోయింది," అని పెద్దమనిషిలా మాట్లాడాడు. వారంలోగా గది ఖాళీ చేయాలని జాన్ సాహెబ్ చెప్పాడు. నాగేశ్వరరావు ఒప్పుకున్నాడు.

వెళ్ళే రోజున సామాను బస్సు దగ్గరికి చేర్చడానికి కొడుకు వెళ్ళాడు. యల్లమందయ్య మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాడు. పరదా కదిలింది.

"అన్నా."

"చెప్పు చెల్లెమ్మా."

"ఆ రోజు నువ్వు చెప్పింది నిజమని నేను అనాల్సింది. నాకు నోరు రాలా. నీ గదిలోకి నేనొచ్చి చూశానంటే..."

"తెలుసు. నువ్వు అనకపోవటమే మంచిది."

"నాకేం అర్థం కాలేదన్నా. శానా భయమేసింది," అంది ఆమె.

"నాకూ అర్థం కాలేదమ్మా," అన్నాడు ఆయన.

ఇంకేమన్నా అంటుందేమోనని ఎదురుచూశాడు. పరదా కింద పాదాలు వెనక్కి వెళ్ళిపోయాయి.

మాచవరంలో ఆయన కంటే ముందే కారెంపూడి మనిషి వచ్చి కూర్చుంది. నెల తిరక్కుండా ఆమెకు ఊరు ఒక రూపం కల్పించింది. ఎర్రగా ఉంటుందన్నారు. ముక్కున రాయి బేసరి అన్నారు. ఎవరో ఆమెను పిడుగురాళ్ళ సంతలో చూశామని కూడా చెప్పారు. అవతలి పార్టీ వాళ్ళు నాగేశ్వరరావును చూసి దగ్గేవాళ్ళు. తగాదాలు తీర్చడానికి యల్లమందయ్యను పిలవడం మానేశారు. ఒకరిద్దరు ఈడు వాళ్ళు మాత్రం భుజం తట్టి, కన్ను గీటి, "పెద్దాపరేషను అయినాక కూడానా బావా?" అనేవారు. అది మిగతా వాటికంటే కష్టంగా ఉండేది ఆయనకు.

ఇంట్లో కొడుకు ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాడు. ఒక రోజు భోజనాల దగ్గర యల్లమందయ్యే అన్నాడు, "చేలో ఇంజను కొట్టం పక్కన పాక ఉంది గదా. నేనక్కడుంటా," అని. నాగేశ్వరరావు కంచంలోంచి తలెత్తలేదు. "అక్కడికి తెచ్చుకుంటాడంట," అన్నాడు భార్యతో, తండ్రి అక్కడ లేనట్టుగా. "ఊళ్ళోకి తేకపోతే అదే పదివేలు."

అట్లా పాక ఆయనదైంది. చుట్టూ మిరపమళ్ళు, అవతల సజ్జచేను, మనుషుల అలికిడి లేని చోటు. పాలేరు యోహాను రెండు పూటలా అన్నం తెచ్చి, గట్టు మీదే నిలబడి గట్టిగా దగ్గి, క్యారేజీ అక్కడే పెట్టి పోయేవాడు. దగ్గరికి రావద్దని అతనికి ఎవరూ చెప్పలేదు. లోపల ఆడమనిషి ఉంటుందన్న మర్యాద. ఊరంతా అదే మర్యాద పాటించింది. మధ్యాహ్నాలు ఆ దారిన పోయేవాళ్ళు కూడా చుట్టు తిరిగి పోయేవారు. యాభై ఏళ్ళలో మొదటిసారి యల్లమందయ్యకు గడియ వేసుకునే పని లేకపోయింది. చీర కట్టుకుని పాక గుమ్మంలో కూర్చునేవాడు. చేటలో కందులు పోసుకుని రాళ్ళు ఏరేవాడు. గాలికి పైట ఎగిరితే సర్దుకునేవాడు. పొద్దు గుంకే దాకా పలకరించే దిక్కు ఉండేది కాదు. పరదా అవతల నుంచి "ఎట్టుందన్నా" అన్న గొంతు కోసం కొన్నిసార్లు ఉత్తపుణ్యానికి చెవి రిక్కించేవాడు. ఇంజను ఆపాక బావిలో నీళ్ళు జారే చప్పుడు తప్ప ఏదీ వినపడేది కాదు.

తిండి పట్టి ఒళ్ళు కొంచెం కొంచెం తిరిగొచ్చింది. ఆషాఢం వచ్చేసరికి శేషారత్నం రవిక చంకల్లో బిగుసుకుని, ఒక రోజు కుట్టు పిగిలింది. కుట్టుకుందామంటే చేతకాలేదు. దాన్ని మడిచి చూరులో పెట్టి, చీర ఒక్కటే కట్టుకోవడం మొదలుపెట్టాడు. మీసం మాత్రం పెంచలేదు. ఎందుకు పెంచలేదని ఎవరూ అడగలేదు.

శ్రావణంలో ఒక పొద్దున పంచె కట్టుకుని మిరపనారు చూస్తుండగా గట్టు మీద యోహాను బదులు పుల్లమ్మ కనపడింది. క్యారేజీ ఒక చేతిలో, చిన్న గుడ్డ మూట ఒక చేతిలో. ఆమె కూడా పాక దగ్గరికి రాలేదు. గట్టు మీద నిలబడి, పాక వైపు ఒకసారి చూసి, చూపు దించుకుంది.

"మావయ్యా, నేనొచ్చినట్టు మీ అబ్బాయికి చెప్పమాకండి," అంది. మూట ముందుకు చాపింది. "శ్రావణ శుక్రవారం గదా. ఆడమనిషి ఇంటి చేలో ఉండగా పసుపు కుంకం ఇయ్యకపోతే నాకు బాగనిపించలా. ఎవరైతే ఏంది. జబ్బులో మిమ్మల్ని చూసుకుంది."

యల్లమందయ్య మూట విప్పాడు. పసుపు కొమ్ములు, కుంకుమ పొట్లం, నాలుగు తమలపాకులు. వాటి కింద మడిచిన నీలం రవికగుడ్డ. కొత్తది. గంజి వాసన ఇంకా పోలేదు.

"కార్డు మీద నా వంతుకొచ్చిందిలే. ఒక్క ముక్కే దొరికింది," అంది పుల్లమ్మ. "కుట్టించి తెద్దామనుకున్నా. కొలత తెలవక ఊరుకున్నా. ఆమె నా అంత ఉంటదా మావయ్యా?"

ఆయన రవికగుడ్డ మీద చేత్తో రాశాడు. నిజం చెప్పేద్దామా అనుకున్నాడు. నరసరావుపేట అరుగు మీద ముగ్గురు మగవాళ్ళ మొహాలు కళ్ళ ముందు కదిలాయి. ఇంకోసారి చెప్పే ఓపిక ఆయనకు లేదు. చెప్పినా ఈ పిల్ల నమ్మదు, నమ్మితే ఇట్లా నిలబడదు.

"నీకంటే పెద్ద మనిషి," అన్నాడు. "భుజాలు వెడల్పు. చేతులు పొడుగు."

"ముడి రవికా, గుండీలదా?"

"ముడిదే."

పుల్లమ్మ తల ఊపి, గుడ్డ తిరిగి తీసుకుని చంకలో పెట్టుకుంది. "వచ్చే శుక్రవారానికి కుట్టించి తెస్తా," అంది. నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగింది. "రంగు నచ్చుద్దా ఆమెకి?"

"నచ్చుద్దమ్మా," అన్నాడు యల్లమందయ్య.

ఆమె గట్టు వెంబడి ఊరి వైపు వెళ్ళిపోయింది. ఆమె చీర సజ్జచేను మలుపులో కనపడకుండా పోయిందాకా ఆయన అక్కడే నిలబడి చూశాడు. తర్వాత క్యారేజీ, పసుపు కుంకుమలు తీసుకుని పాకలోకి వెళ్ళాడు. వచ్చే శుక్రవారానికి ఇంకా ఏడు రోజులున్నాయి.